ఎవరి తాలూకు?

దగ్గరగా జరగండమ్మా, వెనక ఉన్నవాళ్ళకి కాస్త చోటివ్వండి. కథ మొదలెట్టేముందు పైనున్న స్వామిని ఒక్కసారి తలుచుకోండి. తలుచుకున్నారా? సరే, ఇక వినండి. నేను ఆగినప్పుడల్లా ఊ కొట్టండి. ఎందుకంటే ఇది పిలిస్తే పలికేవాడు లేక ఒక దేశం మునిగిపోబోయిన కథ.

అనగనగా, నేలకి హద్దులు గీసే విద్య మనుషులకి ఇంకా పూర్తిగా రాని కాలంలో, శ్యామల అనే మహానది ఒకటి ఉండేది. అది సముద్రంలో కలిసేముందు రెండు పాయలుగా చీలి, రెండు చేతుల మధ్య పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒక దీవిని పట్టుకుని ఉండేది. ఆ దీవి పేరు మణిలంక. దాన్ని ఏలే రాజు కుముదసేనుడు.

మణిలంక చూడడానికి అందమైనదే. కానీ అది భయంతో బతికే నేల నాయనా. పైనుంచి నది భయం. కిందనుంచి సముద్రం భయం. చుట్టూ మట్టితో పోసిన కరకట్ట. ఎగువ వైపు మిట్ట, దిగువ వైపు పల్లం. ఒక పక్కకి వాల్చిన గిన్నెలా ఉండేది ఆ దీవి.

నదికి వరదొచ్చి కట్ట మీంచి పొర్లిందా, ఆ నీరంతా పల్లానికి పరుగెత్తి, కొసన ఉన్న కడలి తూములోంచి సముద్రంలోకి పోవాలి. తూము తలుపులు ముందుగా ఎత్తి ఉంచితే గండం గడిచినట్టే. ఎత్తకపోతే గిన్నె నిండుతుంది. మొదట పల్లం మునుగుతుంది, ఆ వెనకే మిట్ట కూడా మునుగుతుంది. అలాగని ఊరికే ఎత్తితే సముద్రపు ఉప్పునీరు లోపలికొచ్చి తీపి బావులన్నీ పాడవుతాయి.

మరి వరద వస్తోందని పల్లం వాళ్ళకి ముందుగా తెలిసేదెలా? అందుకే కేకలు.

కట్ట పొడుగునా ఇరవై ఒక్క దిబ్బలు. దిబ్బకొక గుడిసె, గుడిసెకొక కుటుంబం. వాళ్ళ పని కేక వెయ్యడం. ఎగువన నది పొంగితే మొదటి దిబ్బ మీదివాడు చెవి మీద చెయ్యి పెట్టుకుని, "నీళ్ళొస్తున్నాయో! తూమెత్తండో!" అని కేకేస్తాడు. రెండో దిబ్బవాడు అందుకుంటాడు. మూడోవాడు అందుకుంటాడు. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా కేక సముద్రం దాకా వెళ్ళిపోతుంది. అలాగే సముద్రం ఉప్పొంగితే పల్లం నుంచి కేక పైకి వస్తుంది: "ఉప్పెనో! పడవలు పంపండో!" ఎగువవాళ్ళు పడవలు పంపి పల్లంవాళ్ళని మిట్టకి చేరుస్తారు.

ఇక్కడొక చిత్రమైన ఆచారం ఉంది. చెవులు పెట్టి వినండి, కథంతా దీని మీదే నిలబడింది.

కేక విన్నవాడు వెంటనే నమ్మడు. తిరిగి ఒక కేక వేస్తాడు: "ఎవరి తాలూకు?"

నువ్వెవరని కాదు, చూశారా! ఎవరి తాలూకని అడుగుతాడు. అప్పుడు కేక వేసినవాడు, వింటున్నవాళ్ళ వైపున ఉన్న తన రక్తం పేరు చెప్పాలి. "నీలవేణి అన్ననో!" అంటాడు ఒకడు. అంటే నా చెల్లెలు మీ పల్లంలో ఉంది, అబద్ధం చెప్పి దాన్ని ముంచుకుంటానా అని అర్థం. రాజుగారి ముత్తాత పెట్టిన కట్టడి ఇది. ఎగువ దిబ్బలవాళ్ళు దిగువకి పిల్లనివ్వాలి, దిగువ దిబ్బలవాళ్ళు ఎగువకి పిల్లనివ్వాలి. ప్రతి కేకకీ అవతలి ఒడ్డున ఒక ప్రాణం పూచీగా ఉండాలి.

సరిగ్గా నడిమధ్యన పదకొండో దిబ్బ. దాని మీద వీరనాంచారి అనే ముసలమ్మ ఉండేది. ఆమె గొంతు గాలికి ఎదురు పోయేదట. ఆమెకి ఒక్కగానొక్క కూతురు గోదమ్మ. గోదమ్మని కడలి తూము పెద్ద అయిన సముద్రాలు అనే ఆయన కొడుక్కిచ్చి పెళ్ళి చేసి ఏడాది. వరదొస్తే, "ఎవరి తాలూకు?" అన్న ప్రశ్న రాకముందే నాంచారి నవ్వుతూ, "గోదమ్మ తల్లినో!" అని కేకేసేది.

బాగానే ఉంది కదా? ఉండనివ్వరు కదా!

ఎగువవాళ్ళు పసుపు పండించేవాళ్ళు. వేసవిలో తూము మూసి ఉంచాలి, తీపినీళ్ళు నిలవాలి అనేవారు. దిగువవాళ్ళు పడవలవాళ్ళు. తూము తెరిచి ఉంచాలి, చేపలు లోపలికి రావాలి అనేవారు. ముందు మాటలు. తరవాత ఎగసెక్కాలు. ఎగువవాళ్ళు తలపాగా కుడికి చుట్టడం మొదలెట్టారు. వెంటనే దిగువవాళ్ళు ఎడమకి చుట్టారు. కుడి చుట్టువాడు ఎడమ చుట్టువాడి పందిట్లో విస్తరి ముందు కూర్చోడు. సభలో రాజుగారి ముందే అరుపులు.

"నీ పసుపు కొమ్ములు నువ్వే నమిలి చావు!"

"చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని సభకొచ్చావా? ఆ కంపేమిటయ్యా!"

ఒకరోజు అరుపులు కర్రలయ్యాయి. సభామంటపంలో ముగ్గురి తలలు పగిలాయి. మర్నాడు దేవుడి ఊరేగింపుకి బోయీలు రాలేదు. ఆ మర్నాడు వీధుల్లో ఆడవాళ్ళు పగటిపూటే తలుపులు వేసుకున్నారు. కుముదసేనుడు మెత్తనివాడు. సింహాసనం మీద కూర్చున్నా కాళ్ళు వణికేవి.

మంత్రి సూక్ష్మబుద్ధి చేతులు కట్టుకుని అన్నాడు, "ప్రభూ, కలిసి ఉండలేనివాళ్ళని కలిపి ఉంచడం పాపం. పదకొండో దిబ్బ దగ్గర రాయి పాతిద్దాం. అటువాళ్ళు అటు, ఇటువాళ్ళు ఇటు. మీ గొడుగు కిందే రెండు సీమలు, రెండు సభలు. ఎవరి గోల వాళ్ళది."

రాజుకి ప్రాణం లేచి వచ్చింది. సభలో రెండు పక్షాలూ చప్పట్లు కొట్టాయి. ఎన్నో ఏళ్ళ తరవాత వాళ్ళు ఒక్క మాట మీదకి రావడం అదే మొదలు!

రాయి పాతేది తన పెరట్లోనే కాబట్టి వీరనాంచారిని సభకి పిలిచారు. ఆమె కర్ర ఊతంగా వచ్చి దణ్ణం పెట్టింది.

"మహారాజా, రాళ్ళూ సభలూ నాకు తెలియవు. పాతుకోండి. ఒక్కటే అడుగుతాను. ఇచ్చిపుచ్చుకున్న పిల్లల్ని మాత్రం ఉన్నచోటే ఉండనివ్వండి."

సూక్ష్మబుద్ధి చిరునవ్వు నవ్వాడు. "అవ్వా, అదే కదా అసలు ముల్లు! అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు ఉంటే తగువు తెగేదెలా? వడ్లలో రాళ్ళు ఏరినట్టు ఏరేస్తాను చూడు. ఏ గడ్డ మీద పుట్టినవాళ్ళు ఆ గడ్డకి."

"మరి కేక?" అంది నాంచారి.

"గొంతులున్నాయి కదా!" అన్నాడు మంత్రి. సభంతా గొల్లుమంది.

మొదట నేలని పంచారు. తాడు పట్టుకుని కొలిచారు, ఎవరూ ఏడవలేదు. తరవాత పడవల్ని పంచారు, ఎవరూ ఏడవలేదు. ఆ తరవాత మనుషుల్ని పంచారు. ఇక ఆ ఏడుపు, అమ్మా, గాలి కూడా మొయ్యలేకపోయిందట. కాళ్ళ పారాణి ఆరని పిల్లల్ని అత్తవారిళ్ళ నుంచి పడవలెక్కించారు. సముద్రాలు ఇంట్లో గోదమ్మ వరండా స్తంభాన్ని కౌగిలించుకుంది. భటులు వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశారు. భయంతో ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. ఆ చూడకపోవడమే సముద్రాలు మనసులో ముల్లై కూర్చుంది. "ఏడాదిపాటు కూతురిలా చూసుకున్నాను. తల వంచుకుని పోయింది, ఒక్కసారి చూసిందా?" అనుకున్నాడు.

రాయి నిలబడింది. దేశం రెండయింది. నెలరోజులు ఎంత నిశ్శబ్దమో! అందరూ దాన్ని శాంతి అనుకున్నారు.

ఆషాఢం వచ్చింది. ఎగువ మబ్బు పట్టింది. మొదటి దిబ్బ నుంచి కేక బయల్దేరింది: "నీళ్ళొస్తున్నాయో!" దిబ్బ దిబ్బా దాటి నాంచారి దాకా వచ్చింది. ఆమె చెవి మీద చెయ్యి పెట్టుకుని రాయి అవతలికి కేకేసింది.

అవతల నుంచి పాత అలవాటు ప్రకారం జవాబు: "ఎవరి తాలూకు?"

నాంచారి నోరు తెరిచింది. మాట రాలేదు. గోదమ్మ ఆమె పక్కనే నిలబడి ఉంది. పల్లంలో ఇప్పుడెవరున్నారని చెబుతుంది? అటుపక్క కాసేపు చూశారు. "ఎవరి తాలూకూ కాదటరా! ఉప్పునీళ్ళు మన బావుల్లోకి పెట్టాలని ఎత్తు!" అని నవ్వారు. కేక ఆ రాయికి తగిలి పడిపోయింది. స్వామి దయవల్ల ఆ రోజు వాన వెలిసింది, వరద రాలేదు. పల్లంవాళ్ళు, "చూశారా, అబద్ధమే!" అన్నారు.

శ్రావణంలో కేక కిందనుంచి వచ్చింది. నడిపగలే ఆకాశం గంధకం రంగుకి తిరిగింది. "ఉప్పెనో! పడవలు పంపండో!" గొంతులో ఏడుపు ఉంది. నాంచారి దాన్ని పైకి అందించింది. పదో దిబ్బవాడు అడిగాడు, "ఎవరి తాలూకు?" నాంచారి రాయి అవతలికి అడిగింది. జవాబు లేదు. వాళ్ళ ఆడపిల్లలందరూ వాళ్ళ దగ్గరే ఉన్నారు మరి.

ఎగువ పెద్దలు రేవులో గుమిగూడారు. "పడవలు పంపితే తిరిగొస్తాయా? లాక్కుంటారు" అన్నాడొకడు. "ఒకవేళ నిజమైతే?" అంది ఒక ఆడమనిషి. ఎవరూ ఆమె వైపు చూడలేదు. పడవలు కదల్లేదు. సముద్రం వచ్చింది, పోయింది. పల్లంలో మూడు ఇళ్ళలో పొయ్యి మళ్ళీ వెలగలేదు. ఎవరిళ్ళని అడక్కండి, ఆ పేర్లు నేను చెప్పలేను.

అప్పటినుంచి పల్లంవాళ్ళు రాయి దగ్గర ఈటెలు నిలబెట్టారు, ఎగువ మాట చెవిన పడకుండా ఒక నగారా కూడా పెట్టారు.

భాద్రపదం వచ్చింది. ఆ రోజు మిట్టమధ్యాహ్నం. పక్షులన్నీ ఒక్కసారి నది వదిలి సముద్రం వైపు ఎగిరిపోయాయి. కుక్కలు కట్టెక్కి కూర్చున్నాయి. మొదటి దిబ్బ నుంచి ఒక్క గొంతు కాదు, ఏడు గొంతులు కలిసి కేక వేశాయి. అంటే కనీవినీ ఎరగని వరద. రెండు జాముల్లో పల్లం చేరుతుంది.

నాంచారి కేకేసింది. అటునుంచి నగారా మోగింది. మళ్ళీ కేకేసింది. నగారా ఇంకా గట్టిగా మోగింది. మూడోసారి కేకెయ్యబోయి ఆగిపోయింది.

"గోదా, నా గొంతులో లోపం లేదే. నా కేకకి అవతల కాళ్ళు లేవు."

"ఏం చేస్తావమ్మా?"

"నేను అటు వెళ్ళి కడలి తూము గుంటలో కూర్చుంటాను. నువ్వు ఇక్కడ నిలబడి కేకెయ్యి. ఎవరి తాలూకు అంటే ఎవరి పేరు చెప్పాలో నీకు తెలుసుగా."

గోదమ్మ తల్లి కొంగు పట్టుకుంది. "రాళ్ళతో కొట్టి చంపేస్తారే! పోనీ బతకనిచ్చారే అనుకో, తూము ఎత్తకపోతే?"

"ఎత్తకపోతే నీళ్ళు ముందు నామీదుగానే పోతాయి. ఆ సంగతి వాళ్ళ కళ్ళకి కనబడాలి."

ఆమెకి భయం లేదనుకోకండి నాయనా. ఉంది. నారాయణా, నారాయణా అనుకుంటూ రాయి దాటింది.

ఈటెలవాళ్ళు అడ్డుపడ్డారు. "ఎక్కడికే ముసలీ?"

"చావడానికి మీ పల్లానికే వస్తున్నాను నాయనా. అందుకు కూడా అనుమతి కావాలా?"

ఈటెలు పక్కకి జరిగాయి. చంపడానికి వచ్చేవాణ్ణి ఆపడం వాళ్ళకి నేర్పారు గాని, ఇలా వచ్చేవాళ్ళని ఏం చెయ్యాలో నేర్పలేదు. దారిలో ఒక గూడుబండివాడు జాలిపడి ఎక్కించుకున్నాడు.

కడలి తూము ముందు లోతైన గుంట ఒకటుంది. మణిలంక మొత్తంలో అదే అన్నిటికంటే పల్లం. నాంచారి తిన్నగా వెళ్ళి మెట్లు దిగి, ఆ గుంటలో బురద మీద కూలబడింది. జనం పోగయ్యారు. గట్టు మీంచి సముద్రాలు వంగి చూశాడు.

"ఏం వియ్యపురాలా, ఈ వేషమేమిటి? మా పిల్లని తీసుకుపోయింది చాలక, ఇప్పుడు మా బావులకి ఉప్పు పెట్టించడానికొచ్చావా?"

"అన్నయ్యగారూ, మీ నగారా ఒక్క గడియ ఆపించండి. ఎవరి తాలూకని కేక అడిగించండి. తరవాత మీ ఇష్టం."

"ఆపొద్దు! మాయ!" అని అరిచారు జనం. ఉప్పెనలో ఇల్లు కోల్పోయిన ఒకడు బురదముద్ద విసిరాడు. అది నాంచారి భుజానికి తగిలింది. ఆమె తుడుచుకోలేదు, లేవలేదు.

సముద్రాలు ఆమె భుజం మీది బురద వైపు చూశాడు. చెయ్యెత్తాడు. ఆపమన్న కేక దిబ్బల మీదుగా రాయి దాకా వెళ్ళింది, నగారా ఆగింది.

ఎంత నిశ్శబ్దం! దూరంగా ఒక సన్నటి కేక. దిబ్బ నుంచి దిబ్బకి, గొంతు నుంచి గొంతుకి వస్తోంది. "నీళ్ళొస్తున్నాయో! తూమెత్తండో!"

ఇటునుంచి వెళ్ళింది: "ఎవరి తాలూకు?"

గుండెలు బిగబట్టుకున్నారు అందరూ. మీరూ బిగబట్టండి.

పది దిబ్బలు దాటి జవాబు వచ్చింది. "తూము గుంటలో ఉన్న వీరనాంచారి కూతుర్నో! గోదమ్మనో!"

కేక అంది గాని, గట్టు మీద ఎవరూ కదల్లేదు. నది వైపు చూస్తే నీటిచుక్క కనబడటం లేదు. తలుపులెత్తితే ఉప్పునీరు లోపలికి రావడం ఖాయం. కేక అబద్ధమైతే ఏడాదిపాటు తాగడానికి తీపినీళ్ళుండవు. సముద్రాలు కిందికి చూశాడు. ముసలమ్మ బురదలో అలాగే కూర్చుని ఉంది.

"చెల్లెమ్మా, భయంగా లేదూ?"

"చచ్చేంత భయంగా ఉంది అన్నయ్యగారూ. అయినా ఆ పేరు విన్నారుగా. ఏడాదిపాటు మీ ఇంట్లో మీకు మంచినీళ్ళందించిన పిల్లే. అబద్ధమాడి కన్నతల్లిని ముంచేస్తుందా?"

సముద్రాలు కళ్ళు తుడుచుకున్నాడు. "మోకులు పట్టండిరా!" అన్నాడు.

నలభైమంది మోకులు లాగారు. తలుపులు మూలుగుతూ లేచాయి. సముద్రాలు తనే గుంటలోకి తాడు జారవిడిచి, నాంచారి చేత పట్టించి, పైకి లాగాడు. ఆమె పాదం గట్టు మీద ఆనీ ఆనకముందే ఎర్రటి నీటిగోడ ఒకటి చెట్లని, కప్పుల్ని మోసుకుంటూ వచ్చి, గుంటలోకి దూకి, తూములోంచి సముద్రంలోకి ఉరికింది. నాంచారి కూర్చున్న చోట సుడి తిరిగింది. మూడు రోజులు అలా పోతూనే ఉంది. ఎగువన పసుపు చేలు మునిగి తేలాయి. పల్లంలో మోకాలి లోతు నిలిచింది. కానీ ఇటు గాని అటు గాని ఒక్క ప్రాణం పోలేదు.

నాలుగోనాడు కుముదసేనుడు పడవ మీద పల్లానికి వచ్చాడు. మంత్రి వెంట ఉన్నాడు. రాజు కట్ట మీద నిలబడి, మొదటిసారి కాళ్ళు వణక్కుండా మాట్లాడాడు.

"అవ్వా, వీళ్ళు మళ్ళీ పోట్లాడుకుంటారు. ఏం చెయ్యమంటావు?"

"పోట్లాడుకోనివ్వండి మహారాజా. తూము మూయాలా తెరవాలా అని అరుచుకోవడానికే సభ కట్టించారు మీ పెద్దలు. తలపాగా ఎటు చుట్టుకుంటే ఏమిటి? పిల్లలు మాత్రం అటువి ఇటు, ఇటువి అటు ఉండాలి."

"ఆ రాయిని పీకించనా?"

"ఎందుకు ప్రభూ, శ్రమ! నాకు మోకాళ్ళ నొప్పులు. దాని మీద కూర్చుని కేకేసుకుంటాను."

రాజు నవ్వి మంత్రి వైపు తిరిగాడు. "సూక్ష్మబుద్ధీ, పిల్లల్ని ఏరి పంపింది నువ్వే. మళ్ళీ కలపడం కూడా నీ ఇంటి నుంచే మొదలవ్వాలి. నీకొక కూతురుంది కదా?" మంత్రి ఏవేవో సాకులు చెప్పబోయాడు. అయినా ఇచ్చాడు, పల్లంలో ఒక పడవలవాళ్ళ ఇంటికి. మరుసటి ఏడు వరద మాట విన్నప్పుడు, అందరికంటే ముందు కట్ట మీదకి పరుగెత్తింది ఆ మంత్రే!

గోదమ్మ అత్తవారింటికి తిరిగి వెళ్ళింది. సముద్రాలు గుమ్మంలో ఎదురొచ్చి, "అప్పుడు వెనక్కి ఎందుకు చూడలేదే తల్లీ?" అని అడిగాడు. "చూస్తే కదల్లేననీ, కదలకపోతే మిమ్మల్ని కొడతారనీ మావయ్యా" అంది. ఆ పెద్దమనిషి వరండా స్తంభానికి ఆనుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ మూడు ఇళ్ళ పొయ్యిలు మాత్రం వెలగలేదు. అందుకే ఈనాటికీ మణిలంకలో ఏ ఇంట కొత్త పొయ్యి పెట్టినా, మొదటి నిప్పు వెలిగించేముందు ఆ మూడు ఇళ్ళవాళ్ళ గుర్తుగా ఒక్క క్షణం ఆగుతారట. స్వామి వాళ్ళని చల్లగా చూడుగాక. మనల్నీ చూడుగాక.

కాబట్టి బిడ్డలారా, దేశాన్ని చీల్చాలని చెయ్యెత్తేముందు, అవతల ఉన్న మన మనిషి ఎవరో ఒక్కసారి వెతుక్కోండి. అవతల మనవాళ్ళు ఒక్కరూ లేనినాడు మనం నిజమే చెప్పినా నమ్మేవాళ్ళు ఉండరు.